నెల్లాళ్ల సింహళ యాత్ర... తొమ్మిది దశాబ్దాల ముద్ర

శాంతినికేతన్ విద్యార్థినీ విద్యార్థుల బృందం ఒకటి 1934 మే నెలలో కలకత్తా నుంచి ఓడలో బయలుదేరి కొలంబో రేవులో దిగింది. డెబ్బయి మూడేళ్ల వయసులో రవీంద్రనాథ్ ఠాగూర్ స్వయంగా వారికి నాయకత్వం వహించారు. చిత్రకారుడు నందలాల్ బోసు వెంట ఉన్నారు. ఒక నృత్య నాటకం ప్రదర్శించడం, కొన్ని ఉపన్యాసాలు, చిత్రకళా ప్రదర్శన, వీలైతే విశ్వభారతికి కొంత నిధి సమకూర్చుకోవడం... ఇదీ వారి కార్యక్రమం. సుమారు నెల్లాళ్లు దీవిలో సంచరించి జూన్‌లో వారు స్వదేశానికి మరలివచ్చారు.

విద్యార్థుల సాంస్కృతిక యాత్రలు తర్వాతి కాలంలో వందల సంఖ్యలో జరిగాయి. ప్రభుత్వాలు పంపినవి, విశ్వవిద్యాలయాలు పంపినవి, స్వచ్ఛంద సంస్థలు పంపినవి ఎన్నో ఉన్నాయి. వాటిలో అత్యధికం సన్మానాలతో, గ్రూపు ఫొటోలతో ముగిసిపోయినవే. శాంతినికేతన్ విద్యార్థుల సింహళ యాత్ర మాత్రం అలా ముగియలేదు. యాత్ర జరుగుతుండగానే ఒక విద్యాలయానికి పునాది పడింది. రెండేళ్లు తిరగకముందే సింహళ యువకులు బెంగాల్ దారి పట్టసాగారు. అలా వెళ్లినవారిలో ఒకరు తదుపరి కాలంలో శ్రీలంక జాతీయ గీతాన్ని రచించారు. మరొకరు క్యాండీ నృత్యాన్ని ఆధునిక రంగస్థలం మీదికి తెచ్చారు. ఇంకొకరు సింహళ నాటకానికి కొత్త రూపమిచ్చారు. అయితే ఆ జాతీయ గీతమే దాని రచయిత పాలిట శాపంగా పరిణమించడం ఈ కథలోని విషాదం.

నిధుల వేటలో విశ్వకవి

యాత్రకు ప్రేరణ కేవలం కళాభిమానమే అనుకుంటే పొరపాటు. 1901లో అయిదుగురు విద్యార్థులతో ఆరంభమైన శాంతినికేతన్ పాఠశాల, 1921లో విశ్వభారతిగా విస్తరించిన నాటి నుంచి ఆర్థిక ఇబ్బందులతో సతమతమవుతూనే ఉంది. బ్రిటిష్ ప్రభుత్వపు సాయం కోసం చేయి చాచడం ఠాగూర్‌కు ఇష్టం లేదు. 1913లో లభించిన నోబెల్ బహుమతి సొమ్మును ఆయన తమ జమీందారీలోని పతిసర్‌లో రైతులకోసం నెలకొల్పిన బ్యాంకులో వేశారు. రైతులకు తక్కువ వడ్డీకి అప్పు దొరకాలి, వచ్చే వడ్డీతో పాఠశాల నడవాలి అన్నది ఉద్దేశం. ఉద్దేశం గొప్పదే. కానీ అప్పులు వసూలు కాక చివరకు బ్యాంకూ మునిగింది, దానితోపాటు బహుమతి సొమ్మూ పోయింది.

దీంతో పిల్లలను వెంటబెట్టుకుని ఊరూరా ప్రదర్శనలివ్వడం మినహా వృద్ధ కవికి గత్యంతరం లేకపోయింది. సింహళ యాత్రకు కొద్ది నెలల ముందు, 1933 చివరలో ఆ బృందం బొంబాయిలో ప్రదర్శనలిచ్చింది. డిసెంబరులో ఠాగూర్ వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ‘మానవుడు’ అన్న అంశంపై ఉపన్యసించారు. అప్పుడు అక్కడ ఉపాధ్యక్షులుగా సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నారు. అక్కడి నుంచి హైదరాబాద్ వెళ్లి బంజారా హిల్స్‌లో విడిది చేశారు. నిజాం అంతకు ముందే విశ్వభారతికి లక్ష రూపాయల విరాళమిచ్చి ఉన్నారు. ఆ పరంపరలో తర్వాతి మజిలీ సింహళం.

ఈ తిరుగుడు చూసి గాంధీజీ కలత చెందారు. 1936లో బృందం ఢిల్లీలో ప్రదర్శనలివ్వడానికి వచ్చినప్పుడు, ఆ వయసులో కవి ఇలా ఊళ్లు తిరగరాదంటూ రూ. 60,000 సమకూర్చి అందజేశారు. దాంతో అప్పటికి లోటు తీరింది. అయితే 1934 నాటికి అలాంటి ఆదుకోలు ఏదీ లేదు. టిక్కెట్ల అమ్మకం మీదనే ఆశ.

రంగస్థలంపై ఆడపిల్లలు

మరొక సాహసం కూడా ఈ యాత్రలో ఇమిడి ఉంది. గౌరవ కుటుంబాల ఆడపిల్లలు నలుగురి ఎదుట నాట్యం చేయడమన్నది ఆనాటి సమాజం జీర్ణించుకోలేని విషయం. తెలుగు రంగస్థలంపై స్థానం నరసింహారావు వంటి పురుషులే స్త్రీ పాత్రలు ధరిస్తున్న రోజులవి. 1926లో ‘నటీర్ పూజ’ నాటకంలో నందలాల్ బోసు కుమార్తె నర్తించినప్పుడు బెంగాల్‌లో విమర్శలు చెలరేగాయి. మరుసటి ఏడాది అదే నాటకాన్ని కలకత్తాలో ప్రదర్శించినప్పుడు, అందరూ స్త్రీలే ఉన్న ఆ నాటకంలో ఉపాలి అనే బౌద్ధ భిక్షువు పాత్రను కొత్తగా చేర్చి ఠాగూర్ తామే ధరించారు. వేదికపై తెల్ల గడ్డంతో గురుదేవులు కనిపిస్తుంటే ఆక్షేపించే నోళ్లు కొంత మూతపడతాయన్నది అందులోని యుక్తి.

అదే యుక్తి సింహళంలోనూ అమలయింది. ఠాగూర్ వేదికపై ఒక పక్కన కూర్చుని కథా భాగాన్ని పఠిస్తుండగా విద్యార్థులు నర్తించారు. శాంతినికేతన్‌లో నృత్యం పాఠ్యాంశంగా రూపుదిద్దుకుంటున్న దశ అది. మణిపురి నుంచి, కథాకళి నుంచి, 1927లో ఠాగూర్ చూసివచ్చిన జావా, బాలీ దీవుల నాట్యాల నుంచి ఏరి కూర్చుకున్న రీతి. శాస్త్రకారులు తప్పుపట్టదగినవి అందులో లేకపోలేదు. కానీ వృత్తి నర్తకులు కాని చదువుకునే పిల్లలు దానిని ప్రదర్శిస్తున్నారన్నదే కొలంబో ప్రేక్షకులకు కొత్తగా తోచిన అంశం.

ఎరిగిన కథే, ఎరగని రూపంలో

వారు ఎంచుకున్న నాటకం ‘శాపమోచన్’. 1931లో ఠాగూర్ సప్తతి ఉత్సవాల సందర్భంగా కలకత్తాలో తొలిసారి ప్రదర్శితమైంది. ఇంద్రసభలో తాళం తప్పిన ఒక గంధర్వుడు శాపవశాన కురూపియైన రాజుగా భూమిపై పుడతాడు. అతడి ప్రేయసి మద్ర రాజకుమారిగా జన్మిస్తుంది. వివాహమైనా భర్త చీకటిలోనే తప్ప భార్యకు కనిపించడు. పట్టుబట్టి చూసిన ఆమె అతడి రూపానికి వెరచి వెళ్లిపోతుంది. చివరకు అరణ్యంలో రాత్రివేళ వినిపించే అతడి సంగీతమే ఆమెను వెనుకకు రప్పిస్తుంది. ఆ వికృత రూపంలోనే ఆమెకు సౌందర్యం గోచరిస్తుంది.

దీనికి మూలం బౌద్ధ జాతక కథల్లోని కుశ జాతకం. సింహళ బౌద్ధులకు ఇది చిన్ననాటి నుంచి తెలిసిన గాథ. పదమూడవ శతాబ్దంలో రెండవ పరాక్రమబాహు రచించినట్లు చెప్పే ‘కవ్‌సిళుమిణ’ అనే మహాకావ్యం ఈ గాథ మీదనే అల్లినది. పదిహేడవ శతాబ్దారంభంలో అలగియవన్న అనే కవి మళ్లీ దీనినే కావ్యంగా రాశాడు. అంటే బెంగాలీ విద్యార్థులు ఓడలో మోసుకువచ్చింది సింహళీయుల ఇంటి కథనే. ప్రేక్షకుల్లో బెంగాలీ తెలిసినవారు అరుదు. కానీ కథ చెప్పనక్కర లేకపోయింది.

కొలంబోలోని రీగల్ థియేటర్‌లో జరిగిన ప్రదర్శనలకు నగర ప్రముఖులు తరలివచ్చారు. అప్పటికి మూడేళ్ల క్రితమే, 1931లో సింహళానికి వయోజన ఓటు హక్కు లభించింది. భారతదేశానికి అది దక్కడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. రాజకీయంగా ఇంత ముందున్న ఆ దీవిలో కళల పరిస్థితి వేరు. విద్యావంతుల ఇళ్లలో పియానో మోగేది. సామాన్యులకు ‘నూర్తి’ నాటకాలుండేవి. బొంబాయి పార్శీ నాటక సంఘాల బాణీలను తెచ్చి సింహళ మాటలు పొదిగిన నాటకాలవి. గ్రామఫోను రికార్డుల్లోనూ హిందుస్తానీ వరుసలకు సింహళ పదాలు అతికించిన పాటలే ఎక్కువ. తమ కథను తమకు పరిచయమున్న సంప్రదాయ కళలతోనే, అయినా ఆధునికంగా చెప్పవచ్చునన్న ఊహ అక్కడి యువతకు ‘శాపమోచన్’ చూశాక కలిగింది.

ప్రదర్శనను కొనియాడుతూ కొలంబో ఆంగ్ల దినపత్రికలో వ్యాసం రాసిన వారిలో ఆక్స్‌ఫర్డులో చదివివచ్చిన ఒక యువ రాజకీయవేత్త ఉన్నారు. ఆయనే సాలమన్ బండారనాయకే. రెండు దశాబ్దాల అనంతరం, 1956లో ఆయన ప్రధానిగా ఎన్నికై సింహళం ఒక్కటే అధికార భాష అన్న చట్టం తెచ్చారు. అర్థంకాని భాషలోని నాటకానికి మనసారా చప్పట్లు కొట్టినవారే, తమ దేశంలో లక్షలాది మంది మాట్లాడే భాషకు చోటు లేకుండా చేయడం చరిత్రలోని చిత్రాల్లో ఒకటి.

హొరణలో పునాది రాయి

కొలంబోకు ఆగ్నేయంగా, కళుతర జిల్లాలో రబ్బరు తోటల నడుమ హొరణ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి సంపన్నుడు విల్మట్ పెరీరా 1932లో శాంతినికేతన్ సందర్శించి ముగ్ధుడయ్యారు. అదే పద్ధతిలో తమ ఊళ్లో ఒక విద్యాలయం నెలకొల్పాలని సంకల్పించారు. 1934 మే 20న ఠాగూర్ దానికి పునాది రాయి వేసి ‘శ్రీపాళి’ అని నామకరణం చేశారు. పుస్తకాల చదువుతోపాటు సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, చేతిపనులు నేర్పడం అక్కడి ప్రత్యేకత. పరీక్షల చదువే చదువనుకునే వలస పాలన కాలంలో ఇది సాహసమే. పెరీరా అనంతర కాలంలో పార్లమెంటు సభ్యుడయ్యారు. 1957లో చైనాకు రాయబారిగా వెళ్లారు. ఆయన నాటిన మొక్క నిలిచింది. శ్రీపాళి విద్యాలయం సాగుతుండగా, అదే ఆవరణలో 1996లో కొలంబో విశ్వవిద్యాలయపు ప్రాంగణం ఒకటి వెలిసింది.

హొరణ నుంచి బృందం దక్షిణ తీరానికి సాగింది. గాలె, మాతర, అక్కడి నుంచి కొండసీమలోని క్యాండీ, ప్రాచీన రాజధాని అనురాధపురం, చివరకు ఉత్తరాన తమిళుల జాఫ్నా. నైరుతి రుతుపవనాలు ప్రవేశించే వేళ అది. దక్షిణ తీరంలో వర్షం, క్యాండీలో చలిగాలి, జాఫ్నాలో తాటితోపుల నడుమ ఎండ. ఇంతటి వైవిధ్యం ఆ చిన్న దీవిలో నెల్లాళ్లలోనే ఎదురైంది. ఇంత ప్రయాణంలోనూ ఠాగూర్ కలం ఆగలేదు. ‘చార్ అధ్యాయ్’ నవలను ఆయన క్యాండీలో ఉండగా పూర్తి చేశారు. బెంగాల్ విప్లవకారుల హింసామార్గాన్ని ప్రశ్నించిన ఆ నవల స్వదేశంలో పెద్ద దుమారమే లేపింది.

క్యాండీ నర్తకుల ఢంకా

ఇచ్చిరావడంతో యాత్ర సరిపోలేదు. తెచ్చుకున్నదీ ఉంది. క్యాండీలో విద్యార్థులు చూసిన నృత్యం వారికి సర్వథా కొత్తది. వెండి ఆభరణాల ‘వెస్’ శిరోవేష్టనం, ఛాతీపై పూసల హారాలు, ‘గెట బెర’ అనే మద్దెల దరువుకు గాలిలోకి ఎగిరి గిరికీలు కొట్టే పురుష నర్తకులు. గ్రామ దేవతల ప్రీతికై రాత్రంతా జరిపే కొహొంబ కంకారియ అనే క్రతువు దీనికి పుట్టిల్లు. ఏనుగు, నెమలి, హనుమంతుడు మొదలైన వారి నడకలను అనుకరించే ‘వన్నం’లు పద్దెనిమిది ఉన్నాయి. దంత ధాతువు ఊరేగింపులో ఈ నర్తకులదే అగ్రస్థానం.

అంతటి కళకు ఆనాడు దక్కుతున్న గౌరవం అంతంత మాత్రమే. 1880లలో జర్మనీకి చెందిన హాగెన్‌బెక్ అనే జంతు వ్యాపారి ఈ నర్తకులను ఏనుగులతోపాటు ఐరోపా తీసుకెళ్లి వేడుకగా చూపాడు. ఆ ముద్ర చెరగలేదు. కొలంబో కులీనులు దీనిని పల్లెటూరి తంతుగా చూసేవారు. అలాంటి కళను నోబెల్ గ్రహీత కూర్చుని శ్రద్ధగా చూడడం, తమ విద్యార్థులు దానిని నేర్చుకోవాలని కోరడం స్థానికులను ఆశ్చర్యపరిచింది. శాంతినికేతన్ గాయకుడు, నర్తకుడు శాంతిదేవ్ ఘోష్ సింహళంలో ఈ నృత్యం అభ్యసించారు. అటుపిమ్మట ఠాగూర్ నృత్య నాటకాల్లో క్యాండీ అడుగులకు చోటు లభించింది. 1936లో ‘చిత్రాంగద’, 1938లో ‘చండాలిక’, 1939లో ‘శ్యామ’ రూపుదాల్చిన కాలమది.

సింహళంలోనూ కదలిక మొదలైంది. రెండేళ్లకే, 1936లో సీబర్ట్ డయాస్ అనే నటుడు క్యాండీ నృత్య రీతిలో ‘సిరి సంగబో’ నృత్య రూపకాన్ని ప్రదర్శించారు. అందులో పాల్గొన్న ఆయన కుమారుడు చిత్రసేన, తిరువాన్కూరులో కథాకళి నేర్చి, 1945లో శాంతినికేతన్ చేరుకున్నారు. అప్పటికి ఠాగూర్ మరణించి నాలుగేళ్లయింది. అక్కడ ఠాగూర్ మనుమరాలు నందిత సరసన ‘చండాలిక’లో ప్రధాన భూమిక ధరించారు. స్వదేశానికి తిరిగివెళ్లిన చిత్రసేన, ఆయన భార్య వజిర కలిసి క్యాండీ నృత్యాన్ని క్రతువుల ఆవరణ నుంచి రంగస్థలానికి తెచ్చారు. 1961 నాటి వారి ‘కరదియ’ జాలరుల జీవితాన్ని చిత్రించిన రూపకం. పురుషులకే పరిమితమైన ఈ నృత్యంలో వృత్తి నర్తకిగా పేరు తెచ్చుకున్న తొలితరం మహిళ వజిర కావడం గమనార్హం. రీగల్ థియేటర్‌లో బెంగాలీ ఆడపిల్లలు తెరిచిన తలుపు చివరకు అక్కడి ఆడపిల్లలకూ తెరుచుకుంది.

జాతీయ గీతం - కవి విషాదం

1936లో శాంతినికేతన్ చేరిన సింహళ విద్యార్థుల్లో పాదుక్క గ్రామానికి చెందిన పాతికేళ్ల క్రైస్తవ యువకుడు ఉన్నాడు. పేరు జార్జ్ విల్ఫ్రెడ్ ఆల్విస్ సమరకూన్. చిత్రకళ, సంగీతం నేర్చుకోవాలని వెళ్లి సుమారు ఆరు నెలలు మాత్రమే ఉన్నాడు. అయినా తిరిగివచ్చింది వేరే మనిషి. బౌద్ధం స్వీకరించి ఆనంద సమరకూన్‌గా పేరు మార్చుకున్నాడు. అరువు బాణీలకు స్వస్తి చెప్పి సొంత వరుసల్లో సింహళ పాటలు కట్టసాగాడు. 1940లో రికార్డుగా వచ్చిన ‘ఎన్నద మెనికే’తో సింహళ లలిత గీతానికి నాంది పలికాడని సంగీత చరిత్రకారులు చెబుతారు.

గాలెలోని మహింద కళాశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ 1940లోనే సమరకూన్ ‘నమో నమో మాతా’ అనే దేశభక్తి గీతాన్ని రచించారు. కొలంబోలోని మ్యూసియస్ కళాశాల విద్యార్థినులు దానిని తొలిసారి వేదికపై ఆలపించారు. దీనిని ఠాగూరే రాసి ఇచ్చారని, లేదా బాణీ కట్టారని ఒక ప్రచారం భారతదేశంలో తరచు వినవస్తుంటుంది. ఈ వాదనలో ఆధారం కంటే అభిమానం పాలే ఎక్కువ. ఠాగూర్ రెండు దేశాల జాతీయ గీతాలకు కర్తయన్నది నిర్వివాదాంశం. మూడవదాన్ని కూడా ఆయన ఖాతాలో జమకట్టడానికి గురువు ప్రభావాన్ని సాకుగా చూపడం శిష్యుడికి అన్యాయం చేయడమే. ఠాగూర్ ‘జన గణ మన’ను ఆంగ్లంలోకి అనువదించిందీ, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చిందీ 1919లో చిత్తూరు జిల్లా మదనపల్లెలో. అంతమాత్రాన మదనపల్లె ఆ గీతానికి పుట్టినూరు కాజాలదు.

1948లో సింహళం స్వతంత్రమయింది. జాతీయ గీతం కోసం నిర్వహించిన పోటీలో మరో పాట నెగ్గినప్పటికీ, నిర్ణేతల సంఘంలోని వారే దాని రచనలో పాలుపంచుకున్నారన్న వివాదంతో అది నిలదొక్కుకోలేదు. ప్రజల నోళ్లలో అప్పటికే నానుతున్న ‘నమో నమో మాతా’కు 1951 నవంబరు 22న అధికార ముద్ర పడింది. పండిత నల్లతంబి దానిని తమిళంలోకి అనువదించారు. కాగా సమరకూన్ వ్యక్తిగత జీవితం అప్పటికే ఛిద్రమయింది. 1945లో అయిదేళ్ల కుమారుడు మరణించడంతో ఆయన పాటకు దూరమై భారతదేశం వచ్చి కొన్నేళ్లు చిత్రకళా ప్రదర్శనలతో కాలం గడిపారు.

అసలు దెబ్బ మరికొన్నేళ్లకు తగిలింది. 1952లో తొలి ప్రధాని సేనానాయకే గుర్రంపై నుంచి పడి మరణించారు. 1959లో ప్రధాని బండారనాయకే హత్యకు గురయ్యారు. ఈ అరిష్టాలకు జాతీయ గీతం ఆరంభంలోని దుష్ట గణమే కారణమని కొందరు పండితులు వాదన లేవదీశారు. తెలుగువారికి ఈ తర్కం కొత్తకాదు. కావ్యాదిని ఏ గణం పడితే కర్తకు ఏ ఫలమో మన లాక్షణికులూ పట్టికలు కట్టారు. మన లెక్కలోనూ ‘నమోన’ అన్నది జగణం. దాని ఫలం రోగమని చెబుతారు. శ్రీకారంతో మొదలుపెడితే శుభమన్నది మనకూ వారికీ ఉమ్మడి నమ్మకం. ఆ నమ్మకమే గెలిచింది. సమరకూన్ తీవ్రంగా ప్రతిఘటించినా లెక్కచేయక 1961 ఫిబ్రవరిలో ప్రభుత్వం తొలి పదాలను తొలగించి ‘శ్రీలంకా మాతా’ అని మార్చింది.

తన పాట తల నరికారని కవి ఆక్రోశించారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నిద్రమాత్రలు మితిమీరి మింగి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు యాభై ఒక్క సంవత్సరాలు. ఆ తదుపరి దేశంలో జరిగిన హత్యలను, తిరుగుబాట్లను, పాతికేళ్లకు పైగా కొనసాగిన అంతర్యుద్ధాన్ని చూస్తే గణం మార్చినందువల్ల ఒరిగిందేమీ లేదని వేరే చెప్పనక్కరలేదు.

రెండు భాషలు, ఒక పాట

శాంతినికేతన్ దారి పట్టిన మరో ప్రముఖుడు ఎదిరివీర సరచ్చంద్ర. తత్త్వశాస్త్రం, సంగీతం అభ్యసించి వచ్చిన ఆయన విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా పనిచేస్తూ పల్లెల్లో అంతరించిపోతున్న ‘నాడగమ’ నాటకాలను అన్వేషించారు. తమిళ కూత్తు ఒరవడి నుంచి వచ్చిన రూపమది. సంగీతం కర్ణాటక బాణీది. దానినే పునాదిగా చేసుకుని 1956 నవంబరు 3న కొలంబోలో ‘మనమే’ నాటకం ప్రదర్శించారు. నటులు విశ్వవిద్యాలయ విద్యార్థులే. కథ మళ్లీ జాతకాల నుంచి తీసుకున్నదే. సింహళ ఆధునిక నాటకం అక్కడ మొదలైందని విమర్శకుల ఏకాభిప్రాయం.

సింహళం మాత్రమే అధికార భాష అన్న చట్టం వచ్చిందీ అదే ఏడాది. సింహళ సంస్కృతికి విజయంగా కీర్తి పొందిన నాటకం తమిళ రంగస్థలం నుంచి వచ్చిన రూపంపై నిలిచి ఉందన్న సంగతి రాజకీయవేత్తల చెవికెక్కలేదు. 1934లో ఠాగూర్ బృందం కొలంబోకూ జాఫ్నాకూ ఒకే నాటకాన్ని తీసుకెళ్లింది. స్వాతంత్ర్యానంతరం ఆ రెండు నగరాల నడుమ దూరం పెరుగుతూపోయింది. 1983 నుంచి 2009 దాకా సాగిన యుద్ధంలో కొన్నేళ్లపాటు రైలు కూడా నడవలేదు.

జాతీయ గీతానికి నల్లతంబి చేసిన తమిళ అనువాదం ఉత్తర, తూర్పు ప్రాంతాల పాఠశాలల్లో పాడుతూ వచ్చినా, అధికారిక వేడుకల్లో వినిపించడం వివాదాస్పదమే అయింది. దశాబ్దాల అనంతరం 2016 ఫిబ్రవరి 4న స్వాతంత్ర్య దినోత్సవంలో ప్రభుత్వం దానిని పాడించింది. కొందరు కంటతడి పెట్టారు, కొందరు నిరసన తెలిపారు. ప్రభుత్వం మారిన పిదప 2020లో దానిని విరమించింది. బాణీ మాత్రం రెండు భాషలకూ సమరకూన్ కట్టినదే.

కొనసాగుతున్న రాకపోకలు

1951లో కేంద్ర విశ్వవిద్యాలయంగా మారిన విశ్వభారతికి ఇప్పుడు ఊరూరా ప్రదర్శనలిచ్చి నిధులు పోగుచేసుకోవలసిన అగత్యం లేదు. 2023 సెప్టెంబరులో శాంతినికేతన్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. విద్యార్థుల యాత్రలు ప్రభుత్వ కార్యక్రమాలుగా మారాయి. ఒక రాష్ట్ర యువతను మరో రాష్ట్రానికి పంపే ‘యువ సంగమం’ను కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రారంభించింది. వెళ్లి చూసిరావడానికి వారికి కొద్ది రోజుల వ్యవధి ఉంటుంది. సింహళ యాత్రలో విద్యార్థులు తామే ప్రదర్శకులు, తామే అభ్యాసకులు. చూపించడానికి ఒక నాటకం, నేర్చుకోవడానికి ఒక నృత్యం వారి చేతిలో ఉన్నాయి. నేటి యాత్రల నిర్వాహకులు గమనించదగిన తేడా ఇది.

భారత ప్రభుత్వ ఉపకార వేతనాలపై శ్రీలంక యువతీ యువకులు శాంతినికేతన్‌కు, లక్నోలోని భాత్ఖండే సంగీత విద్యాలయానికి వస్తూనే ఉన్నారు. సింహళ సంగీతంలో శిఖరాగ్రాన నిలిచిన అమరదేవ భాత్ఖండే విద్యార్థి. వీరిలో కొందరు చదువు ముగించుకుని తిరిగివెళ్లి పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో సంగీత, నృత్య అధ్యాపకులుగా చేరుతున్నారు. హొరణలో శ్రీపాళి ఆవరణలో నేడు రంగస్థల కళలు, ప్రచార సాధనాల శాస్త్రం బోధిస్తున్నారు.